శాశ్వత నివాసం – తిరుగు దారి

ఈ దేశంలో మన తెలుగువారి ఇళ్ళల్లో బీరువా అరలో భద్రంగా దాచుకునే కాగితాలు కొన్ని ఉంటాయి. డిగ్రీ పట్టాలు, పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల జనన పత్రాలు, వాటి పక్కనే గ్రీన్ కార్డు. మొదటివన్నీ మనం ఎక్కడున్నా మనవే. గ్రీన్ కార్డు సంగతి అలా కాదు. అది ఇచ్చిన దేశంలోనే మనం కాపురం ఉండాలన్నది దాని షరతు. ఊరికి వెళ్ళి రావచ్చు గాని ఊళ్ళోనే స్థిరపడితే కుదరదు. పేరులో శాశ్వతం ఉంది గాని, ఆ శాశ్వతత్వం మనం ఇక్కడ ఉన్నంతకాలమే.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. మరి వెళ్ళినవాడు తిరిగి రావాలనుకునీ రాలేకపోతే? యుద్ధం వచ్చింది, రోగం వచ్చింది, ఓడలో విమానాలో ఆగిపోయాయి, ప్రభుత్వం గేటు వేసింది. అప్పుడు ఆ కాపురం వదులుకున్నట్టా, వదులుకోనట్టా?

2020 మార్చిలో ఈ ప్రశ్న మన ఇళ్ళలోకే వచ్చింది. ఆ నెల 22న భారతదేశం అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలను ఆపివేసింది. 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. సంక్రాంతికని, మనవరాలి పెళ్ళికని ఊరు వెళ్ళిన పెద్దవాళ్ళు అక్కడే ఉండిపోయారు. చాలామందికి ఇది కనీవినీ ఎరుగని చిక్కుగా తోచింది. నిజానికి ఇది నూట ముప్పై ఏళ్ళకు పైబడిన చిక్కు. మేము వైద్యులమే గాని న్యాయవాదులం కాము. అయితే పూర్వచరిత్ర అడగకుండా మందు రాయకూడదన్నది మా వృత్తి నేర్పిన మొదటి పాఠం. ఆ అలవాటుతోనే ఈ నిబంధనల పూర్వచరిత్రను కొంత పాఠకుల ముందు పెడుతున్నాం.

ఛే చాన్ పింగ్ అనే చీనా కార్మికుడు 1875లో శాన్ ఫ్రాన్సిస్కో వచ్చి పన్నెండేళ్ళు అక్కడే పనిచేసుకున్నాడు. ఈ మధ్యలో, 1882లో, చీనా కార్మికుల రాకను నిషేధిస్తూ చట్టం వచ్చింది. అప్పటికే ఇక్కడున్నవారు స్వదేశం వెళ్ళి రాదలిస్తే, వెళ్ళే ముందు ప్రభుత్వం నుంచి ఒక సర్టిఫికెట్టు తీసుకోవాలి. తిరిగి వచ్చినప్పుడు దాన్ని చూపితే లోపలికి రానిస్తారు. ఛే చాన్ పింగ్ పద్ధతి ప్రకారం సర్టిఫికెట్టు తీసుకుని 1887 జూన్ 2న బయలుదేరాడు. మరుసటి ఏడు సెప్టెంబరు 7న హాంకాంగులో తిరుగు ఓడ ఎక్కాడు. ఆ ఓడ నడిసముద్రంలో ఉండగా, అక్టోబరు 1న, అమెరికాలో స్కాట్ చట్టం అమల్లోకి వచ్చింది. అంతవరకు ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ ఇక చెల్లవని అది ప్రకటించింది. అప్పటికి అలాంటి సర్టిఫికెట్లు పట్టుకుని దేశం బయట ఉన్నవారు సుమారు ఇరవై వేల మంది. ఛే చాన్ పింగ్ ఓడ అక్టోబరు 8న రేవు చేరింది. వారం రోజుల తేడాలో ప్రభుత్వ ముద్ర ఉన్న ఆ పత్రం చిత్తుకాగితమైంది.

అతడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1889లో జస్టిస్ స్టీఫెన్ ఫీల్డ్ రాసిన తీర్పులో న్యాయమూర్తులందరూ ప్రభుత్వ పక్షమే నిలిచారు. ఎవరిని లోపలికి రానివ్వాలో నిర్ణయించుకోవడం దేశ సార్వభౌమాధికారమనీ, పరదేశికి ఇచ్చిన తిరుగు అనుమతి ప్రభుత్వం ఎప్పుడైనా వెనక్కు తీసుకోగలిగినదే తప్ప హక్కు కాదనీ దాని సారాంశం. వలస చట్టానికి ఇది పునాదిరాయి. దానిపై ఆ తరువాత ఎన్నో మినహాయింపులు కట్టుకున్నారు గాని, రాయిని ఇప్పటికీ తీసివేయలేదు. మనం మొదట గుర్తుంచుకోవలసింది ఇదే: శాశ్వత నివాసం ఒక అనుమతి.

ఇప్పుడు మనం వాడే తిరుగు అనుమతి పత్రం, అంటే రీఎంట్రీ పర్మిట్, 1924 వలస చట్టంలో పుట్టింది. ఆ చట్టం దేశాలవారీగా కోటాలు పెట్టింది. అయితే ముందే చట్టబద్ధంగా ప్రవేశించి తాత్కాలికంగా బయటికి వెళ్ళి వచ్చేవారిని కోటాలో లెక్కించనక్కరలేదని కూడా చెప్పింది. వారి సౌకర్యం కోసం ఏడాది గడువుతో పర్మిట్ ఏర్పాటు చేసింది. తగిన కారణం ఉంటే ఆరేసి నెలల చొప్పున పొడిగించుకోవచ్చు. ఆ చట్టంలోనే ఒక ముఖ్యమైన మాట ఉంది. ఈ పర్మిట్ చేసే పని, దాన్ని పొందినవాడు తాత్కాలిక యాత్ర నుంచి తిరిగి వస్తున్నాడని చూపడం ఒక్కటే. అలాగని ఆ సంగతి రుజువు చేయడానికి పర్మిట్ తప్ప వేరే మార్గం లేదని కాదు. అంటే చట్టం చూసేది కాగితాన్ని కాదు, దాని వెనక ఉన్న సంకల్పాన్ని. కాగితం ఆ సంకల్పానికి సాక్షి. ఈ రెంటికీ ఉన్న తేడా చూసుకుంటే తరువాతి కథంతా అర్థమవుతుంది.

తిరుగు దారి మూసుకుపోవడం మన తెలుగువారికి అమెరికాలోనే ఎదురైన అనుభవం కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే రంగూన్‌లో మనవాళ్ళను కొరంగీలు అనేవారు. ఓడరేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన కూలీలు వారిలో ఎక్కువ. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం, కాబట్టి విశాఖ జిల్లా కూలీకి రంగూన్ వెళ్ళడం పరదేశం వెళ్ళడం కాదు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. 1942లో లక్షలాది భారతీయులు, ఓడ దొరికినవారు ఓడమీద, దొరకనివారు అరకాను కొండల మీదుగా, మణిపురం మీదుగా కాలినడకన బయటపడ్డారు. దారిలో మలేరియాతో, కలరాతో, ఆకలితో రాలిపోయినవారు వేలమంది. యుద్ధం ముగిశాక తమ ఇల్లు, తమ కొలువు వెతుక్కుంటూ మళ్ళీ బయలుదేరినవారికి కొత్త దేశం ఎదురైంది. 1947లో బర్మా అత్యవసర వలస చట్టం తెచ్చింది. వీసా ఉన్న పాస్‌పోర్టో, అనుమతి పత్రమో లేనిదే ప్రవేశం లేదు. బయలుదేరినప్పుడు అవసరమే లేని కాగితాన్ని తిరిగి వచ్చేటప్పుడు అడిగారు. ప్రాణభయంతో పరుగెత్తినవాడు ఊరు వదులుకున్నట్టా అని ఆనాడు అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

అదే 1947లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఈ ప్రశ్నే వచ్చింది. డెల్గడిల్లో అనే మెక్సికో దేశస్థుడు 1923లో చట్టబద్ధంగా వచ్చి ఇక్కడే ఉన్నాడు. 1942 జూన్‌లో లాస్ ఏంజిలిస్ నుంచి న్యూయార్కుకు, అంటే ఈ దేశపు రేవు నుంచి ఈ దేశపు రేవుకే, పోయే ఓడలో పనికి కుదిరాడు. పనామా కాలువ దాటాక శత్రువు టార్పెడోకు ఓడ మునిగింది. ప్రాణాలతో తేలినవాణ్ణి క్యూబాలోని హవానాకు చేర్చారు. అక్కడ వారం రోజులుండి మయామీ మీదుగా తిరిగి వచ్చాడు. ఆ తరువాత ఒక నేరానికి శిక్షపడ్డప్పుడు, మయామీలో దిగిన తేదీనే కొత్త ప్రవేశంగా లెక్కగట్టి దేశబహిష్కారం చేయబోయారు. కోర్టు ఒప్పుకోలేదు. టార్పెడో తోసిన చోటికి వెళ్ళడం మనిషి ఇష్టపడి వెళ్ళడం కాదని తేల్చింది. మన అదుపులో లేనిదాన్ని మన ఖాతాలో రాయకూడదన్న న్యాయం ఇలా స్థిరపడింది.

అయితే ఈ న్యాయం అందరికీ అందలేదు. ఇగ్నాట్జ్ మెజై 1923 నుంచి పాతికేళ్ళు న్యూయార్కు రాష్ట్రంలోని బఫెలోలో కాపురమున్నవాడు. 1948లో రుమేనియాలో తల్లి మరణశయ్యపై ఉందని తెలిసి బయలుదేరాడు. రుమేనియా లోపలికి రానివ్వలేదు. పక్కనున్న హంగేరీలో దిగితే, బయటికి వెళ్ళే అనుమతి దొరకక పందొమ్మిది నెలలు అక్కడే ఉండిపోయాడు. చివరికి బుడాపెస్టులో అమెరికా కాన్సల్ ఇచ్చిన వీసాతోనే 1950 ఫిబ్రవరిలో న్యూయార్కు చేరాడు. దేశభద్రత పేరు చెప్పి, కారణం చూపకుండా, విచారణ లేకుండా ఎల్లిస్ ద్వీపంలో ఆపేశారు. తిరిగి పంపితే ఫ్రాన్స్ వద్దంది, బ్రిటన్ వద్దంది, హంగేరీ వద్దంది. లాటిన్ అమెరికాలో సుమారు పన్నెండు దేశాలకు రాసుకుంటే ఒక్కటీ రమ్మనలేదు. తల్లినీ చూడలేక, ఇంటికీ చేరలేక రెంటికి చెడ్డ రేవడి అయ్యాడు.

1953 మార్చిలో సుప్రీంకోర్టు ఐదుగురు ఔననగా నలుగురు కాదనగా మెజైకి విచారణ హక్కు లేదని తీర్పు చెప్పింది. విచిత్రమేమిటంటే, సరిగ్గా అంతకు ముందు నెలలోనే క్వాంగ్ హై చ్యూ అనే చీనా నావికుడి వ్యాజ్యంలో ఇదే కోర్టు తద్విరుద్ధంగా తీర్పు చెప్పింది. అతడూ శాశ్వత నివాసే. అతణ్ణీ భద్రత పేరుతో ఓడలోనే ఆపారు. కాని అతడు ప్రభుత్వ తనిఖీ పూర్తి చేసుకుని అమెరికా జెండా ఎగిరే ఓడలో కొన్ని నెలలపాటు పనిచేసి వచ్చినవాడు, కాబట్టి ఇల్లు కదలనట్టే లెక్కించి విచారణ జరపాలన్నారు. మెజై ఏ అనుమతీ, ఏ తిరుగు పత్రమూ లేకుండా ఇనుప తెర వెనక పందొమ్మిది నెలలు గడిపాడు, కాబట్టి కొత్తగా గుమ్మంలోకి వచ్చినవాడితో సమానమన్నారు. ఆ పందొమ్మిది నెలలూ అతడు ఉండాలనుకుని ఉన్నవి కావన్న సంగతి తూకంలోకి రాలేదు. జస్టిస్ జాక్సన్, జస్టిస్ బ్లాక్ తమ అసమ్మతి తీర్పుల్లో ఈ అన్యాయాన్ని గట్టిగా ఖండించారు. ప్రభుత్వం 1954 ఆగస్టులో మెజైని విడిచిపెట్టింది గాని, కోర్టు తీర్పు మాత్రం అలాగే నిలిచింది.

తరువాతి దశాబ్దాల్లో తూకం కొంత మారింది. కొద్ది గంటలపాటు మెక్సికో వెళ్ళి వచ్చిన స్విస్ దేశస్థుడు ఫ్లూటి వ్యాజ్యంలో 1963లో, దురుద్దేశం లేని చిన్న ప్రయాణం నివాసాన్ని చెరపదని కోర్టు అంది. 1982లో ప్లాసెన్సియా వ్యాజ్యంలో, తిరిగి వస్తున్న శాశ్వత నివాసికి న్యాయమైన విచారణ అందాలని చెప్పింది. 1996లో కాంగ్రెసు దీన్ని అంకెల్లోకి దించింది. నూట ఎనభై రోజులకు మించి ఏకబిగిన బయట ఉంటే కొత్తగా ప్రవేశం కోరుతున్నట్టు పరిశీలించవచ్చు. ఏడాదిలోపు తాత్కాలిక యాత్రకైతే గ్రీన్ కార్డే తిరుగు పత్రం. ఏడాది దాటితే అది ఒక్కటే చాలదు.

రీఎంట్రీ పర్మిట్ ఇప్పుడు సాధారణంగా రెండేళ్ళకు ఇస్తారు. దానికి ఐ-131 దరఖాస్తును ఈ దేశంలో ఉండగానే పెట్టాలి, వేలిముద్రలు ఇవ్వాలి. పర్మిట్ చేతికి వచ్చేదాకా ఇక్కడే కూర్చోనక్కరలేదు. అక్కడి అమెరికా కాన్సులేటుకు పంపమని కోరవచ్చు. ఊరు వెళ్ళాక దరఖాస్తు పెట్టుకుందామంటే మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పర్మిట్ లేకుండా ఏడాది దాటినవారికి మిగిలిన దారి తిరిగి వచ్చే నివాసి వీసా. దానికి కాన్సులేటులో డి.ఎస్.-117 పత్రంతో మూడు సంగతులు రుజువు చేయాలి: వెళ్ళేటప్పుడు చట్టబద్ధమైన నివాసి అని, తిరిగి వచ్చే ఉద్దేశంతోనే వెళ్ళాడని, ఆలస్యం తన అదుపులో లేని, తన బాధ్యత కాని కారణాల వల్ల జరిగిందని. డెల్గడిల్లో టార్పెడోకు ఈ మూడో రుజువే నేటి రూపం.

ఇప్పుడు 2020 సంగతి చూద్దాం. ఏడాది గడువును కరోనా కోసం ఎవరూ సడలించలేదు. అమెరికా కాన్సులేట్లు 2020 మార్చి 20 నుంచి మామూలు వీసా పనులు ఆపేయడంతో పై వీసా దారి కూడా కొన్నాళ్ళు మూసుకుపోయింది. అమెరికా తన వైపు పెట్టిన నిషేధాల్లో, 2021 మే 4న భారతదేశం నుంచి వచ్చేవారిపై పెట్టిన దానితో సహా, శాశ్వత నివాసులకు మినహాయింపు ఇచ్చింది. తాత్కాలిక వీసాల మీద ఉన్న యువ డాక్టర్లు, ఇంజనీర్లు అక్కడే చిక్కుకున్నారు. మినహాయింపు ఉంటుందన్నది కూడా ఎల్లప్పుడూ ఖాయం కాదు. 2017 జనవరి 27 నాటి ఉత్తర్వును ఏడు దేశాల గ్రీన్ కార్డుదారులకు కూడా మొదట వర్తింపజేశారు. రోజుల వ్యవధిలో సవరించుకున్నారు గాని, ఆ కొద్ది రోజులూ విమానాశ్రయాల్లో నిలబడినవారికి 1888 ఎంతో దూరంలో లేదని అర్థమై ఉంటుంది.

విమానాలు లేవన్న కారణానికి కూడా ఒక ఆయుష్షు ఉంది. 2020 మే 7 నుంచి వందే భారత్ విమానాలు, జూలై నుంచి అమెరికాతో ప్రత్యేక ఒప్పందపు విమానాలు నడిచాయి. మామూలు సర్వీసులు 2022 మార్చి 27న గాని మొదలుకాలేదు. కాబట్టి 2020 ఏప్రిల్‌లో ఎవరు అడిగినా విమానం లేదన్న జవాబు సరిపోయేది. 2021లో అడిగితే, విమానం ఉన్నా ఎందుకు ఎక్కలేదని మరో ప్రశ్న వచ్చేది. డెబ్భై అయిదేళ్ళ గుండెజబ్బు మనిషిని, టీకా రాకముందు, ఇరవై గంటలు మాస్కుతో కూర్చోబెట్టడం ప్రమాదమని మనకు తెలుసు. అది కాగితం మీద ఉండాలి.

ఇక్కడే మా వృత్తి అక్కరకు వస్తుంది. ఊళ్ళో డాక్టరుగారు రాసి ఇచ్చే సర్టిఫికెట్లలో విశ్రాంతి అవసరం అన్న ఒక్క వాక్యమే తరచు ఉంటుంది. అధికారికి అది ఏమీ చెప్పదు. జబ్బు ఏది, ఏ తేదీన మొదలైంది, ఏ తేదీ దాకా విమాన ప్రయాణం తగదు, ఎందుకు తగదు, ఎప్పటికి కోలుకున్నారు, ఇవి విడివిడిగా రాయించుకోవాలి. ఆస్పత్రి డిశ్చార్జి కాగితాలు, రద్దయిన టికెట్లు, విమాన సంస్థ జవాబులు తేదీల వరుసలో పెట్టుకోవాలి. ఇక్కడి బ్యాంకు ఖాతా, ఇంటి చిరునామా, నివాసిగా దాఖలు చేసిన పన్ను పత్రాలు కాపురం ఇక్కడే ఉందనడానికి సాక్ష్యాలు. పన్నుల్లో నివాసి కానని రాసి, గేటు దగ్గర నివాసినని చెబితే నమ్మడం కష్టం. విమానాశ్రయంలో ఐ-407 అనే వదులుకోలు పత్రం మీద సంతకం చేయమన్నా, చేసి తీరాలన్న నియమం లేదు. ఇమిగ్రేషన్ న్యాయమూర్తి ముందు విచారణ కోరవచ్చు. అక్కడ నివాసం వదులుకున్నారని స్పష్టమైన సాక్ష్యంతో రుజువు చేయవలసిన భారం ప్రభుత్వానిదేనని 1988లో వలస అప్పీళ్ళ బోర్డు తేల్చింది. ఇంగ్లీషు సరిగా రాని అమ్మమ్మకు, తాతయ్యకు బయలుదేరకముందే ఈ సంగతి తెలుగులో విడమరచి చెప్పాలి.

మరో అపోహ. పర్మిట్ ఉంటే పౌరసత్వానికి కావలసిన రోజులు కూడా లెక్కకు వస్తాయని కొందరు అనుకుంటారు. రావు. ఆరు నెలలు దాటితే సందేహం, ఏడాది దాటితే కొన్ని ఉద్యోగాల వారికి ఎన్-470 కింద ఇచ్చే మినహాయింపు తప్ప నిరంతర నివాసం తెగినట్టే. పౌరసత్వం వచ్చినవాడికి తిరిగి వచ్చే హక్కు ఉంటుంది, ఈ లెక్కలేవీ ఉండవు. అయితే అప్పుడు అవతలి గేటు మన గేటు కాకుండా పోతుంది. భారత ప్రభుత్వం ఓసీఐ కార్డుతో వీసా లేకుండా వచ్చే సౌకర్యాన్ని 2020 మార్చి 13న నిలిపివేసి, మే 22న కుటుంబంలో మరణం వంటి అత్యవసరాలకు కొంత సడలించింది. ఈ మధ్యకాలంలో తల్లిదండ్రుల అంత్యక్రియలను ఫోనులో చూసిన బిడ్డలు మన చుట్టూ ఉన్నారు. ఏ తీరాన చూసినా, అనుమతి మీద నిలబడ్డ మనిషి బతుకు ఇలాగే ఉంటుంది.

చివరగా, మనలో మనం మాట్లాడుకోవలసిన మాట ఒకటి ఉంది. చట్టం ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి కాపురం ఎక్కడ? ఆ ప్రశ్న గేటు దగ్గరి అధికారి అడిగేదాకా ఆగకుండా మన ఇళ్ళల్లో మనమే అడగాలి. ఇక్కడే మనవల మధ్య ఉండాలనుకునే పెద్దలకు పర్మిట్, పౌరసత్వం సమయానికి ఏర్పాటు చేయడం మన బాధ్యత. ఊళ్ళో అరుగు మీద, తెలిసిన మనుషుల మధ్య ఉండాలని మనసున్న పెద్దలను, కార్డు బతికించడం కోసం ఆరు నెలలకోసారి విమానమెక్కించడం మాత్రం ఆ కార్డుకు మనం చేసే సేవే గాని వారికి కాదు. అలాంటివారు తామే ఆలోచించుకుని కార్డు వదిలి, ఆపైన సందర్శక వీసా కోరుకోవడంలో చిన్నతనం లేదు. వీసా వస్తుందన్న హామీ లేదని తెలిసే చేయవలసిన నిర్ణయం అది.

ఛే చాన్ పింగ్ దగ్గర కాగితం ఉంది, అయినా దారి మూశారు. మెజైకి సంకల్పం ఉంది, కాగితం లేదు. రెండూ ఉన్నా భయపడవలసిన రోజులు వస్తాయని చరిత్ర చెబుతోంది. రెండూ లేకుండా బయలుదేరవద్దని కూడా అదే చెబుతోంది. ఈ వేసవిలో ఊరికి టికెట్లు కొనే ప్రతి కుటుంబమూ పెట్టెలు సర్దేముందు ఒక సాయంత్రం కూర్చుని, ఇంట్లో ఎవరి కార్డు ఎక్కడిదాకా ఉందో, ఎవరి మనసు ఎక్కడ ఉందో మాట్లాడుకోవాలని మా మనవి.